వేపనూనె పూయని పూటలు

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే నాకు పదేళ్ళు నిండిన వేసవిలో, మిర్యాలగూడ స్టేషన్ దగ్గర జట్కా నడిపే మా తాతయ్య గుర్రానికి మెడపట్టీ ఒరుసుకుని భుజం మీద నాలుగు వేళ్ళ వెడల్పున పుండు పడింది. పట్టీ వేయడానికి వీల్లేక ఆయన జట్కా ఆపి, రైసుమిల్లులో మూటలు మోయడానికి వెళ్ళాడు; తెల్లవారకముందే వెళ్ళి చీకటి పడ్డాకే వచ్చేవాడు. పుండుకు రెండు పూటలా వేపనూనె పూసే పని నాకు అప్పగించి, పూసినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయమన్నాడు. ఆయనకు చదువు రాదు.

నూనె పక్కింటి అత్తమ్మది. వేపగింజలు దంచి, ఉడికించి తీసేది. స్టేషన్ దగ్గరి జట్కావాళ్ళందరూ ఆమె దగ్గరే కొనేవారు.

మొదటి రెండు రోజులూ శ్రద్ధగా పూశాను. మూడో రోజు ఉదయం వేలు తగలగానే గుర్రం ఒళ్ళు జలదరించింది, చీము నా చేతికి అంటింది. ఎలాగో పూసి, చెయ్యి మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను. ఆ సాయంత్రం గీత మాత్రం గీశాను. తరువాత అదే అలవాటైంది. ఎనిమిది రోజులకు గోడ మీద పదహారు గీతలు. పూసిన పూటలు అయిదు.

తొమ్మిదో రోజు పుండులో పురుగులు కనిపించాయి. గుర్రం దాణా ముట్టలేదు. తాతయ్య గీతలు లెక్కపెట్టి అత్తమ్మను పిలిచాడు.

"పదారు గీతలమ్మా! ఒక్క పూట తప్పలే. నీ నూనెల ఏం కలిపినవ్?"

ఆమె వంగి పుండు వాసన చూసింది. వేపనూనె ఒకసారి పూస్తే ఆ వాసన అంత త్వరగా వదలదు; ఆ పుండు దగ్గర అది లేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను నేల చూశాను.

"గింజలు పాతయి, మామా," అన్నది.

సీతాఫలం ఆకులు మెత్తగా నూరి తెచ్చి, నా చెయ్యి పట్టుకుని నాతోనే పుండులో పెట్టించింది. "భయపడకు బిడ్డా. నొస్తున్నది దానికి, నీకు కాదు," అని నాకు మాత్రమే వినిపించేలా చెప్పింది.

పురుగులు రాలిపోయాయి. మరో పదమూడు రోజులకు పుండు మానింది, గుర్రం బతికింది. కానీ తాతయ్య ఆ నూనె కల్తీదని స్టేషన్ దగ్గర అందరికీ చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. మరుసటి ఏడు అత్తమ్మ గింజలు ఏరడానికి వెళ్ళలేదు, కొనేవారు లేరు.

ఇప్పుడు నాకు డెబ్బై రెండేళ్ళు. తేదీ, అంకె లేని మాటను నేటికీ నమ్మను. అవి ఉన్న మాటనైనా, గోడ మీది నా గీతలు గుర్తొచ్చి, రాసినవారిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాకే నమ్ముతాను. తాతయ్యా, అత్తమ్మా ఇద్దరూ పోయారు. కోదాడలో ఉన్న ఆమె కొడుక్కైనా నిజం చెప్పాలని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ చాయ్ తాగి, మీ అమ్మ చాలా మంచిదని చెప్పి, బస్సెక్కి వచ్చేశాను.