చక్రవర్తి మీద కోపం

మా మేనత్తకు ఒక మనిషి మీద కోపం. మామూలు కోపం కాదు, పేరు వినపడితే చాలు, చేతిలో సుద్దముక్క ఉంటే అది పొడి అయిపోయేంత కోపం. ఆ మనిషి బంధువు కాదు, పక్కింటివాడు కాదు. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్. ఆయన పోయి పదహారు వందల ఏళ్లు దాటింది. అత్తయ్య మాత్రం ఆయన నిన్ననే ఇంటికొచ్చి నానా మాటలూ అనేసి వెళ్లినట్టు మాట్లాడేది.

ఆవిడ బడిలో చరిత్ర చెప్పేది. పిల్లలు చాటుగా ‘చక్రవర్తి టీచర్’ అని పిలుచుకునేవాళ్లు. ఆదివారం చర్చికి అందరికంటే ముందు వెళ్లేది, అందరికంటే గట్టిగా పాడేది. భక్తి విషయంలో ఆవిణ్ణి ఎవరూ వేలెత్తి చూపలేరు. అసలు ఆ భక్తి వల్లే అంత కోపం.

“అంతకుముందు క్రైస్తవులంటే ఎవరే?” అని కూర తరుగుతూ నన్ను నిలదీసేది. “బానిసలు, దిక్కులేని ఆడవాళ్లు, కూలిజనం. ఎవరింట్లోనో చేరి గుసగుసగా పాటలు పాడుకునేవాళ్లు. ఖైదీలకి అన్నం పట్టుకెళ్లేవాళ్లు. రాజుకి వాళ్లంటే పడదు, వాళ్లకి రాజుతో పని లేదు. హాయిగా ఉండేవాళ్లు.”

“సింహాలకి వేసేవాళ్లు కదా అత్తయ్యా, హాయేంటి?”

“అది పక్కన పెట్టు. అప్పుడు దిగాడు ఈ మహానుభావుడు. హింస ఆపించాడు. మంచిపనే, కాదనను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? పెద్ద పెద్ద చర్చిలు కట్టించాడు. బిషప్పుల్ని సర్కారు బళ్లెక్కించి సభకి పిలిపించాడు. మధ్యలో బంగారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిన్నటిదాకా తన్నులు తిన్నవాళ్లు ఆ కుర్చీ చూసి మురిసిపోయారు. ఆ మురిపెం ఇంకా దిగలేదు.”

ఇక్కడ కత్తిపీట దగ్గర వంకాయ రెండు ముక్కలు కావాల్సింది ఆరు ముక్కలయ్యేది.

“పైగా బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నాడు? చావుమంచం మీద. చేయాల్సినవన్నీ చేసుకుని, చివర్లో ఒక్కసారే కడిగేసుకుందామని. కన్నకొడుకునే చంపించినవాడికి ఆపాటి ముందుచూపు ఉండదా?”

మామయ్య గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న చిన్న చక్రాల మీద వంగి, ఇదంతా చెవిన పడనట్టే ఉండేవాడు. ఒకసారి మాత్రం నాతో మెల్లగా అన్నాడు: “పెళ్లైన కొత్తల్లో నాకు కాస్త అసూయగా ఉండేదమ్మా. నా గురించి ఈవిడ అంత శ్రద్ధగా ఏనాడూ ఆలోచించలేదు.”

ఒకరోజు ఆవిడ పంటినొప్పికి నేను తోడు వెళ్లాను. ఆస్పత్రి వరండాలో బల్లల మీద జనం. ఇంతలో ఒక పెద్ద అధికారి భార్య కారు దిగి నేరుగా లోపలికి వెళ్లిపోయింది. తలుపు దగ్గర చీటీలు రాసే అమ్మాయి లేచి దారిచ్చింది. అత్తయ్య వాచిన బుగ్గ పట్టుకునే లేచింది.

“చూశావా? వరస తప్పించడం ఎవరు నేర్పారనుకున్నావు? ఆ కాన్‌స్టంటైన్.”

చీటీల అమ్మాయి కంగారుపడి రిజిస్టరు తిరగేసింది. “ఆయన ఏ డాక్టరుగారమ్మా? ఇవాళ డ్యూటీలో లేరే.”

అలాగని ఆవిడది ఒంటికన్ను చూపు కాదు. క్లాసులో ఒక పిల్ల లేచి, “చర్చి చేతికి అధికారం వచ్చాక మంచేమీ జరగలేదా టీచర్?” అని అడిగితే, సుద్దముక్క కింద పెట్టి చెప్పిందట. “జరిగింది. బీదవాళ్లకి ఆస్పత్రులు కట్టారు. ఆడపిల్లలకి బళ్లు పెట్టారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. బానిసల ఓడలు నడిపినవాడూ ఆ దేవుడికే దండం పెట్టాడు, ఆ వ్యాపారం ఆగేదాకా నిద్రపోనివాడూ ఆ దేవుడికే దండం పెట్టాడు. ఎవరు దండం పెడుతున్నారో చూడకు. అప్పుడు ఎవరి పక్కన నిలబడ్డారో చూడు.”

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలంటే నాకూ కోపం వస్తుంది.

ఎన్నికలు వచ్చాయి. మా ఊళ్లో నిలబడిన అభ్యర్థి అంతకుముందే మార్కెట్ వెనక ఉన్న గుడిసెలు పడగొట్టించిన మనిషి. అక్కడ దుకాణాల వరస కట్టాలని తెల్లవారేసరికి బుల్‌డోజర్లు తెచ్చారు. వంటగిన్నెలు తీసుకోనివ్వలేదు. ఆ గుడిసెల వాళ్లలో సగంమంది మా చర్చి వెనక బల్లల మీద కూర్చునేవాళ్లే. ఇళ్లు పోయాక కూడా ఆదివారం ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు. ఎక్కడ ఉతుక్కునేవాళ్లో దేవుడికే తెలియాలి.

ఆ అభ్యర్థి మా చర్చికి వస్తానన్నాడు. ఊరికే రావడం కాదు. ఆరాధన మధ్యలో పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, ‘దేవుడు ఎన్నుకున్న నాయకుడు’ అని ప్రార్థించాలి, ఫొటోలు తీయాలి. ఇదంతా కుదిర్చింది మా చర్చి సంఘపెద్ద. ఆయన వృత్తి కాంట్రాక్టు పనులు. దుకాణాల వరస కట్టేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పాస్టరుగారు కుర్రవాడు. అత్తయ్య దగ్గరే చదువుకున్నాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ఉంటున్న ఇల్లు సంఘానిది, సంఘం తాళాలు సంఘపెద్ద జేబులో ఉంటాయి. అతను ‘సరే’ అన్నాడని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం వచ్చింది. ముందు బల్లను పక్కకు జరిపి, సంఘపెద్ద ఇంట్లోంచి ఎర్ర మఖమల్ సోఫా తెచ్చి వేశారు. అత్తయ్య ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చింది. సోఫాను అటునుంచీ ఇటునుంచీ చూసింది. చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని దాని మీద కూర్చుంది.

సంఘపెద్ద పరిగెత్తుకొచ్చాడు. “టీచరమ్మా, అది నాయకుడిగారికండీ.”

“నాయకుడు ఎప్పుడో వచ్చాడు బాబూ. రెండువేల ఏళ్లయింది. ఆయన సోఫా అడగలేదు.”

“లేవండమ్మా, బాగోదు.”

“బాగోదని నాకూ తెలుసు. రంగు మరీ ముదురుగా ఉంది.”

అంతలోనే దండలతో, కెమెరాలతో అభ్యర్థి వచ్చేశాడు. ఎదురుగా సోఫాలో ముసలామె. పదిమంది చూస్తున్నారని నవ్వు ముఖానికి పులుముకుని వంగాడు. “ఆశీర్వదించండమ్మా.”

“దేనికి? చేసినవాటికా, చేయబోయేవాటికా?”

అతను అలాగే వంగి ఉండిపోయాడు. అత్తయ్య వెనక్కి తిరిగి, చివరి బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలావిణ్ణి పిలిచింది. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ తల్లి. గుడిసె పడగొట్టిన రోజు తుంటి విరిగి, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. “రా అక్కా, ఇక్కడ మెత్తగా ఉంది. ఈ అయ్యగారు నీకోసం సోఫా వేయించారు. ఇల్లు తీసుకున్నారుగా, బదులు ఇచ్చారు.”

ఆవిడ వచ్చింది. కర్ర సోఫాకి ఆనించింది. కూర్చుని, మఖమల్ మీద చెయ్యి రాసి చూసుకుంది.

అప్పుడు అత్తయ్య లేచింది. మొదలుపెట్టింది కాన్‌స్టంటైన్‌తో. బంగారు కుర్చీ దగ్గర్నుంచి బుల్‌డోజరు దాకా ఒక్క ఊపులో వచ్చేసింది. రాజుల నెత్తిన పెట్టిన ప్రతి చెయ్యీ చివరికి ఏ నెత్తురులో తడిసిందో చెప్పింది. “ఈ చేతులు రొట్టె విరిచి పంచడానికి. ఓట్లు అడుక్కునేవాడి బుర్ర నిమరడానికి కాదు.” ఆవిడ అంత కోపంగా ఉండటం నేను అప్పటివరకూ చూడలేదు.

పాస్టరుగారు ప్రసంగ వేదిక పట్టుకుని నిలబడ్డాడు. “టీచరమ్మా, మీరు... దయచేసి... ఇది ఆరాధన. మీరు ఆరాధన పాడుచేశారు. ఇలాంటి గొడవలో నేను ప్రార్థన చేయలేను. ఇవాళ ఎవరికీ ఆశీర్వాదం లేదు. అందరూ ఇళ్లకి వెళ్లండి.” అని గబగబా పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. కెమెరాలవాళ్లు సోఫాలోని కర్ర ముసలావిణ్ణే ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు పేపర్లో పడింది ఆవిడ బొమ్మే.

సంఘపెద్ద ఊరుకుంటాడా? కమిటీ కూర్చుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నుంచి అత్తయ్యను ఆపేశారు, చర్చి గుమ్మం దాటొద్దన్నారు. ఆ తీర్మానం మీద పాస్టరు కూడా సంతకం చేశాడు. తర్వాత ఆదివారాలు ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని, లోపలివాళ్ల పాట తప్పితే అక్కడినుంచే సరిచేసేది.

నాకు ఆగలేదు. పాస్టరు ఇంటికి వెళ్లి కడిగేశాను. “చదువు చెప్పిన మనిషిని వెలివేయడానికి మీకు చెయ్యి ఎలా వచ్చిందండీ?”

అతను పాపాయి ఉయ్యాల ఊపుతూ విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “ముందురోజు నేనే టీచరమ్మ దగ్గరికి వెళ్లానమ్మా. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, అవునని చెప్పే మనసూ లేదు. ఇల్లు ఖాళీ చేయమంటే నిండు నెలల మనిషిని ఎక్కడికి తీసుకెళ్లను? ఏడ్చేశాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. తర్వాత, ‘నాకు పిచ్చని అందరికీ తెలిసిందే. ఆ పిచ్చేదో నేను చూపిస్తాను. నువ్వు నన్ను తిట్టి ప్రార్థన మానెయ్. నామీద ఏ శిక్ష రాసినా సంతకం పెట్టు. నీ ఇంటి జోలికి ఎవరూ రారు’ అన్నారు.”

నేను లేచాను. ఉయ్యాల కిర్రుమంటోంది.

నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్లాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. “నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా?”

“చెప్పేశాడా? వాడి నోట్లో చిన్నప్పటినుంచీ ఏదీ ఆగదు.” దుప్పటి కొస నా చేతికిచ్చింది. “అయినా వాడికి తిట్టడం చేతకాదే. అంత తయారుచేసి పంపిస్తే, అక్కడికొచ్చి ‘దయచేసి’ అంటాడా? నన్ను అంత మర్యాదగా తిడితే ఎవరు నమ్ముతారు?”

“తయారుచేశారా?”

“మరి? ముందురోజు ఈ గదిలోనే నిలబెట్టి నేర్పించాం. వాడికి ఒక్క మాట తట్టలేదు. మొండిఘటం, నోటిదురుసు, ఎవరి మాటా వినని జగమొండి... ఇవన్నీ మీ మామయ్యే అందించారు.”

నేను పక్క గదిలోకి తొంగిచూశాను. మామయ్య భూతద్దం తీసి తుడుచుకుంటున్నాడు. ముఖంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు.

“తిట్లు అడిగారమ్మా,” అన్నాడు, “కాదనలేకపోయాను.”