బాయినెట్‌కు గుచ్చిన నిమ్మకాయ

ఆ దసరా నాడు అద్దాల బీరువాలోని బాయినెట్లకు నిమ్మకాయలు గుచ్చింది నేనే. 1978లో వరంగల్‌లో రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరినప్పుడు ఆయుధాగారంతో పాటు పక్క గదిలోని పాత బాయినెట్ల ప్రదర్శన కూడా నాకు అప్పగించారు. బాయినెట్ అంటే తుపాకి మొనకు తగిలించే బాకు. మా దగ్గరున్నవి ఎక్కువగా నిజాం కాలపువి.

వాటిని కాపాడే పద్ధతి కష్టమైనదేమీ కాదు. తోలు ఒర చెమ్మను పట్టి ఉంచుతుంది కనుక ఒరను, బాకును విడివిడిగా పెట్టాలి. ఉక్కుకు పలచగా గ్రీజు పూయాలి. వట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేలి చెమటకే తుప్పు పడుతుంది. ఆ పని మా ఆర్మరర్, అంటే ఆయుధాల మరమ్మతు చూసే కానిస్టేబుల్, యాకూబ్‌ది. చెల్లెలి పెళ్లికి వర్ధన్నపేట వెళ్తూ అన్నింటికీ గ్రీజు పూశాడు.

"పెండ్లికొడుకుల లెక్క తయారు చేసిన సార్. జర ఎవ్వల్ని ముట్టనియ్యకుండ్రి" అని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

ఆయుధపూజ వాడుకలో ఉన్న రైఫిళ్లకే చేసేవాళ్లం. ఈ ముసలి బాకులేం పాపం చేశాయనిపించింది నాకు. గ్రీజు మీద కుంకుమ నిలవకపోతే శుభ్రంగా తుడిచేశాను. ప్రతి మొనకూ ఒక నిమ్మకాయ గుచ్చి, తాళం వేసి సెలవు మీద వెళ్లాను. తిరిగి వచ్చి చూస్తే, రసం కారినంత మేరా ఉక్కు నల్లబడి, అంచుల్లో తుప్పు లేచింది. గబగబా నిమ్మకాయలు తీసి పారేశాను.

ఆ ఉదయమే మా పై అధికారి, రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చారు. "గ్రీజు పెట్టకుండనే పెండ్లికి ఉరికిండా యాకూబ్?" అన్నారు. నేను నోరు విప్పలేదు. యాకూబ్‌ను హెడ్ కానిస్టేబుల్ చేయాలన్న సిఫారసు ఆపేయమని చెప్పి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం యాకూబ్ లడ్డూల పొట్లంతో వచ్చాడు. "సార్‌కు రెండు ఎక్కువనే తెచ్చిన, నా పెండ్లికొడుకులను కాపాడిండ్రు గద" అన్నాడు. పొట్లం విప్పకుండానే బల్ల మీద పెట్టాను. నేరుగా ఇన్‌స్పెక్టర్ గారి క్వార్టర్‌కు వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పొద్దున అడిగినప్పుడు నీ నోట్ల గూడ నిమ్మకాయ పెట్టుకున్నవా ఏందయ్యా?" అన్నారాయన. సిఫారసు పైకి వెళ్లింది. మెమో నాకు వచ్చింది.

తర్వాతి ఆదివారాలన్నీ యాకూబ్ పక్కన నేల మీద కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో తుప్పు తీశాను. "నూనె జర తక్కువ పొయ్యుండ్రి సార్, మనం బజ్జీలు ఏస్తలేం" అనేవాడు. ఒక్క బాకు మచ్చ మాత్రం పోలేదు.

భద్రపరచిన వస్తువును అలంకరించే హక్కు దాన్ని చూసుకునేవాడికి లేదని అప్పుడు తెలిసింది. చెడగొడితే, అడిగిన వెంటనే చెప్పాలనీ తెలిసింది. మచ్చపడ్డ బాకును వెనక వరుసలో పెడదామన్నాడు యాకూబ్. నేను ముందు వరుసలోనే ఉంచి, కింద చీటీ అతికించాను: "నిమ్మరసపు మచ్చ. కారకుడు ఆర్మరర్ కాదు, రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్." దాని కింద నా పేరు రాశాను.