నానుబాల కోసం కాపెల్ దాకా

శుక్రవారం పొద్దున ఏడున్నరకి మేముండే బెంటన్‌విల్‌లో బయలుదేరాలనుకున్నాము. తొమ్మిదింబావు అయింది. మూడు నెలల పాపతో అది మామూలేనట. సామాను సర్దేటప్పుడు పాప ఏడ్చింది, సర్దడం అయ్యాక నేను ఏడ్చాను. మా ఆయన శ్రీధర్ మా ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి కారు తీశాడు.

మేము వెళ్ళింది ఒక కలుపు మొక్క కోసం. దాన్ని రెడ్డివారి నానుబాలు అంటారు. మన వైపు చేల గట్ల మీదా, పెరట్లోనూ, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. తుంచితే పాలు కారతాయి. పప్పులో వేసి బాలింతకు పెడితే పాలు పడతాయని పెద్దవాళ్ళ నమ్మకం. పాపకి నా పాలు చాలడం లేదు. పాప బరువు పెరగడం లేదని, డబ్బా పాలు కూడా పట్టమని పీడియాట్రీషియన్ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తల ఊపి ఇంటికొచ్చాను. మెంతులు, వెల్లుల్లి, ఓట్స్ అన్నీ అయిపోయాయి. పాలు తీసే పంప్ పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా సీసా అడుగు తడుస్తుంది, అంతే.

ఇంజనీరింగ్ చదివినదాన్ని. ఆకు తింటే పాలు వస్తాయా అన్న అనుమానం నాకూ ఉంది. కానీ డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటున్న నా కాలేజీ స్నేహితురాలు సౌజన్య దగ్గరికి వాళ్ళమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. నా గోడు విని, వీడియో కాల్‌లో ఆంటీ అన్నారు: "అమ్మాయ్, మా ఇంటెనక సందులో నానుబాలు బండెడుంది. వచ్చెయ్, నాలుగు పూటలు వండిపెడతా." వండిపెడతా అన్న మాట దగ్గరే నేను సగం బయలుదేరిపోయాను.

"ఆకు కోసం అంత దూరం డ్రైవ్ చేయాలా? ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో అడుగుదాం" అన్నాడు శ్రీధర్. అడిగాము. షాపు అబ్బాయి కాసేపు ఆలోచించి, "గోంగూర ఉంది మేడమ్, ఫ్రెష్" అన్నాడు.

దారి కష్టమైనదేమీ కాదు. దక్షిణంగా కొండల మధ్య నుంచి ఫోర్ట్ స్మిత్ దాకా దిగి, అక్కడ పడమటికి తిరిగి ఓక్లహోమాలోకి వెళ్ళాలి. చెకోటా దగ్గర మళ్ళీ దక్షిణంగా తిరిగితే డాలస్ దాకా ఒకటే దారి. మ్యాప్ ఐదున్నర గంటలు చూపించింది. మాకు తొమ్మిది గంటలు పట్టింది. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు చెకోటాలోనే ఆగి అన్ని పనులూ చూసుకోవడం మంచిది. ఆ తర్వాత మాకు డైపర్ మార్చే బల్ల ఉన్న బాత్‌రూమ్ కోసం చాలా దూరం వెతుక్కోవాల్సి వచ్చింది. తిండికి ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళాము. కార్లో చేత్తో తినడానికి అదేమీ వీలైన తిండి కాదు. సీట్ల మధ్య ఇప్పటికీ పల్లీలు దొరుకుతున్నాయి.

మెకలెస్టర్‌లో పెట్రోలు కొట్టించుకోవడానికి ఆగినప్పుడు, ఐస్ సంచి మోసుకెళ్తున్న ఒక పెద్దావిడ పాపని చూసి ఆగింది. ఎన్ని వారాలని అడిగింది. పదమూడు అన్నాను. "అయ్యో, ఇంత చిన్నగా ఉందే! నిన్నో మొన్నో పుట్టిందనుకున్నా" అని ముద్దుగా నవ్వింది. ఆవిడ మంచిదే. కార్లోకి వచ్చి పాప మణికట్టుని నా రెండు వేళ్ళతో చుట్టి చూశాను. వేళ్ళు కలిసి, ఇంకా మిగిలాయి.

"ఆవిడ ఊరికే అంది" అన్నాడు శ్రీధర్.

"నేనేమన్నాను ఇప్పుడు?"

"ఏమీ అనలేదు."

తర్వాత డ్యురాంట్ దాటాము. రెడ్ రివర్ దాటాక టెక్సస్. డాలస్ చుట్టూ టోల్ రోడ్లు ఎక్కువ. ట్యాగ్ లేకపోతే బిల్లు ఇంటికి వస్తుంది. ఆరుంబావుకి కాపెల్ చేరేసరికి ఆంటీ గుమ్మంలోనే ఉన్నారు. పాపని అందుకుని, ముందు నన్ను చూశారు. "ఇట్టా అయిపోయావేంటే?" అన్నారు. చారన్నం కలిపి చేతికిచ్చారు. ఆ రాత్రి పాప గంటకోసారి లేచింది.

శనివారం ఎనిమిదికల్లా అందరం ఇంటి వెనక సందులోకి వెళ్ళాము. ఆంటీ నైటీ మీద చున్నీ వేసుకుని, కాళ్ళకి అల్లుడి స్పోర్ట్స్ షూ తొడుక్కున్నారు. పాపని నా గుండెలకి కట్టుకున్నాను. రెండు వరసల చెక్క కంచెల మధ్య సిమెంటు దారి. దాని పగుళ్ళలో, ఎర్రటి కాడలతో, పెసరబద్దలంతటి ఆకులతో, చాప పరిచినట్టు ఉంది మొక్క. ఆంటీ ఒక కాడ తుంచారు. తెల్లగా, చిక్కగా పాలు బొట్టు కట్టాయి. సిమెంటులో మొలిచిన దానికి అన్ని పాలా అని నాకు అసూయ పుట్టింది.

ఆంటీ మాత్రం గొంతుక్కూర్చుని అలాగే చూస్తున్నారు. "మన దగ్గర లేచి నిలబడిద్ది. ఇదేంది, పడుకొనుంది?"

"ఈ ఎండకి నువ్వూ పొద్దస్తమానం పడుకునే ఉంటున్నావు కదమ్మా" అంది సౌజన్య.

అంతలో పక్కింటి గరాజ్ తలుపు లేచింది. తెల్ల జుట్టు అమెరికన్ ఒకాయన చెత్తబుట్ట లాక్కుంటూ వచ్చి మమ్మల్ని చూశాడు. ఆ కలుపు మీకెందుకు అని అడిగాడు. కూరకని సౌజన్య చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. చేతులు ఊపుతూ గబగబా ఏదో చెప్పాడు. నాకు అర్థమై రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏమంటున్నాడే?" అన్నారు ఆంటీ.

"నిన్న మందు కొట్టాడంటమ్మా."

ఆంటీ ఆయన్ని జాలిగా చూశారు. "అయ్యో, ఈ వయసులోనా? ఇంకా దిగినట్టు లేదు పాపం."

"తాగడం కాదమ్మా! ఈ మొక్కలకి కొట్టాడంట. కలుపు మందు."

"మందు మొక్కకే మందు కొట్టాడా!"

శ్రీధర్ నవ్వు ఆపుకోలేక కంచె వైపు తిరిగాడు. ఆంటీ చేతిలోది కింద పడేశారు. నేను లోపలికి పరిగెత్తి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. నేల తాకని పాప పాదాలు కూడా తుడిచాను. తర్వాత వంటింట్లో కూర్చుని, ఇంకెక్కడైనా వెతుకుదాం అన్నాను. కాలవ పక్కన నడిచే దారి ఉందన్నారుగా, అక్కడ మందు కొట్టరు కదా, ఈ రోజంతా మనకి టైముంది కదా. నా గొంతు నాకే వింతగా వినిపించింది. దోసె వేస్తున్న సౌజన్య వెనక్కి తిరగలేదు.

ఆంటీ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "అమ్మాయ్, కాలవ కాడికి రమ్మంటే వస్తా. కానీ ఇది అదేనని నేను చెప్పలేను. పాలు కారితే అదేననుకున్నా. నేను తిన్నదాన్నేగానీ కోసినదాన్ని కాదు. మా అత్త కోసుకొచ్చి వండేది. నా కంచంలోకి పప్పులోనే వచ్చింది."

"తింటే పాలు పడ్డాయా ఆంటీ?"

"పెద్దోడికి పడ్డాయి. దీనికి పడలా. తట్టెడు తిన్నా పడలా. రెండో నెల నుంచి డబ్బా పాలే."

సౌజన్య అట్లకాడ పట్టుకుని తిరిగింది. "నేనా? నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగితే గదా. వంటింట్లో పోపు సామాన్లు పోసుకున్న డబ్బాలన్నీ నువ్వు తాగినయ్యే."

"అందుకేనా నాకు లెక్కలు రాలేదు?"

"అది మీ నాన్న పోలిక. పాల మీద తొయ్యమాక."

దోసె మాడింది. ఆంటీ పాప బుగ్గ మీద వేలు ఆనించారు. పాప గభాలున ఆ వేలి వైపు నోరు తెరిచి తిరిగింది.

"దీనికి ఆకలేస్తోందని నీకు తెలుసా, తెలీదా?" అన్నారు ఆంటీ, నెమ్మదిగానే.

"తెలుసు" అన్నాను.

కాలవ దగ్గరికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆంటీ పాలకూర పప్పు చేసి, రెండోసారి వద్దన్నా వడ్డించారు. తిని, పాపని ఆవిడ ఒళ్ళో వదిలి, రెండు గంటలు పడుకున్నాను.

ఆదివారం పదింటికి తిరుగు ప్రయాణమయ్యాము. ఆంటీ కారు దాకా వచ్చి, "చేరగానే ఫోన్ చెయ్" అన్నారు గానీ, ఇంకే సలహా ఇవ్వలేదు. టెక్సస్ దాటాక డ్యురాంట్‌లో ఒక పెద్ద స్టోర్ కనిపించింది. "ఇక్కడ ఆపు" అన్నాను. శ్రీధర్ కారు అటు తిప్పాడు. నీళ్ళు కలపకుండా నేరుగా పట్టే డబ్బా పాల సీసాలున్న చోట ఇద్దరం నిలబడ్డాము. అతను ఒక్కో సీసా మీది అక్షరాలన్నీ చదివాడు. నేను డాక్టర్ చెప్పిన రకం తీసుకుని, డబ్బు కట్టి, కార్లోకి వచ్చాను.

పార్కింగ్‌లో వెనక సీట్లో పాపకి పట్టాను. రెండు గుక్కలు తాగి ఆగి, నా మొహం చూసింది. అది కోపమనుకుని నా ప్రాణం పోయింది. మళ్ళీ మొదలుపెట్టి, పట్టినదంతా తాగింది. తాగి, ఎప్పుడూ బిగించి ఉంచే పిడికిళ్ళు వదిలేసి నిద్రపోయింది. ఊపిరి తీస్తోందా అని ముక్కు కింద వేలు పెట్టి చూశాను. వేలికి కొత్త పాల వాసన తగిలింది, నాది కాని వాసన. ఆ వాసనకి నాకు కాసేపు ఏడుపొచ్చింది. శ్రీధర్ కారు తీయకుండా ఆగాడు. తర్వాత నేనే పోనిమ్మన్నాను.

ఓక్లహోమాలో మళ్ళీ ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. వెళ్ళిన పని కాలేదు, తెచ్చిన ఆకు లేదు. ఒళ్ళు నొప్పులు ఇంకా తగ్గలేదు. చెకోటాకి దక్షిణంగా యుఫాలా చెరువు మీద పొడవాటి వంతెన ఉంటుంది. రెండు వైపులా నీళ్ళతో చూడ్డానికి చాలా బాగుంటుందట. రెండుసార్లు దాని మీద ప్రయాణం చేసి ఒక్కసారీ చూడలేదు. వెళ్ళేటప్పుడు పాప ఏడుస్తోంది. వచ్చేటప్పుడు తనూ నేనూ నిద్రపోతున్నాము.