సర్దారు గుహల ఉండిపోయిండు

"బువ్వ సల్లారుతుంది, రా."

"గా ముగ్గురిని బయటికి రానీ. వస్త."

నేను, మా ఆయన ఆఖరుకు మాట్లాడుకున్నది గిదే. నాకు అక్షరాలు రావు. అంకెలు వస్తయి, సంతకం గీకుత. అందుకే మా అన్న బిడ్డను పక్కన కూసోవెట్టుకొని చెప్తున్న, ఆమె రాస్తుంది. "బువ్వ అని రాయాల్నా అత్తా, అన్నం అనా?" అని అడుగుతుంది. బువ్వ అనే రాయి బిడ్డా. ఆయనతోని నేనెన్నడు అన్నం అనలే.

నేను వంటింట్లకెల్లి అన్న, ఆయన కుర్సీలకెల్లి అన్నడు. కూర గిన్నె మీద మూత పెట్టి వచ్చేసరికి తల పక్కకు వాలి ఉన్నది. ఫోను ఒడిలనే ఉన్నది. ఫోన్లకెల్లి, "సర్దార్, మేం బయట పడ్డం, ఇగ నువ్వు రా. సర్దార్? ఓ సర్దార్!" అని ఒకాయన పిలుస్తనే ఉన్నడు. ఫోను ఎట్ల ఆపాల్నో నాకు తెల్వదు. ఇరుగుపొరుగోళ్లు వచ్చేదాక ఆయన పిలుస్తనే ఉన్నడు.

మా ఆయన శ్రీరాంపూర్ల బొగ్గు బాయిల సర్దారు. సర్దారంటే ఓ జట్టుకు పెద్ద. దిగంగ అందరికన్న ముందు దిగాలె, కట్టెతోని పైకప్పు కొట్టి చూడాలె. గట్టి కప్పైతే గణగణ మోగుతదట, వదులైతే డబడబ అంటదట. ఎక్కంగ మాత్రం అందరు ఎక్కినంకనే ఆయన ఎక్కాలె. ఇరవై ఏండ్లు గదే పని. షిఫ్టు విడిచినంక అందరి మొగోళ్లు ఇంటికొచ్చి తానాలు చేసి తిని పండుకునేటోళ్లు, మా ఆయన గప్పుడు వచ్చేటోడు. నేను తిట్టుకుంటనే నీళ్లు పెట్టేదాన్ని.

రిటైర్ అయినంక జట్టు చెదిరింది. ఒకాయన పెద్దపల్లికి పోయిండు. ఒకాయన హుస్నాబాద్ల ఎవుసం చేసుకుంటుండు. ఇంకొకాయన మాకు రెండు గల్లీల అవతల్నే ఉంటడు, నాకు మరిది లెక్క. మోకాళ్లు పోయినయి, రెండు గల్లీలు నడుసుడే ఆయనకు పెద్ద పని. గట్ల ఎక్కడోళ్లక్కడ ఉండి నలుగురు ఫోన్ల ఆటల కలుసుకున్నరు. గుహలు, రాకాసులు, మంత్రాల ఆట. హుస్నాబాద్ ఆయన బొమ్మకు కత్తి, పెద్దపల్లి ఆయనకు బాణం, మరిది నిప్పు ఇసురుతడు. మా ఆయన బొమ్మకు తెల్లగడ్డం, చేతిల మెరిసే కట్టె. దెబ్బ తాకినోనికి గా కట్టె చూపిస్తే మానిపోతది.

పొద్దుగాల పదకొండు కొట్టంగ మొదలువెడితే బువ్వ యాళ్ల దాక ఆట. బాయిల పేలుళ్లకు ఆయనకు చెవులు సగం పోయినయి, ఫోను గట్టిగ మోగెటట్టు పెట్టేటోడు. చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట ఆట మొత్తం నేను ఇన్న. ఇననంటే కుదురదు గద.

మొదటి గుహల్నే దినాలకు దినాలు ఇరుక్కున్నరు. ఎందుకంటవ్? మా ఆయన గుహ మూతి కాడ నిలవడి కట్టెతోని పైకప్పు కొట్టెటోడు. గా సప్పుడుకు లోపటి తోడేళ్లు లేచి మీద వడెటియి. నలుగురు సచ్చి మల్ల మొదటికి వచ్చెటోళ్లు.

"సర్దార్, నీ కాళ్లు మొక్కుత, కొట్టకు!"

"కొట్టకుంట ఎట్ల పోతవ్‌రా లోపటికి? మీద కూలితే?"

"బొమ్మల కప్పు అన్నా, అది కూలదు!"

"బొమ్మలదైతేంది, కప్పు కప్పే."

ఇగ ఆయన మారడని వాళ్లే మారిండ్రు. ముందుగాల్నే కత్తి, బాణం, నిప్పు తయారు వెట్టుకొని, "ఆఁ, ఇగ కొట్టు సర్దార్" అనేటోళ్లు. తోడేళ్లు బయటికి రాంగనే అందుకునేటోళ్లు. వేరేటోళ్లు లోపటికి పోయి సచ్చేకాడ వీళ్లు మూతికాడ్నే గెలుసుకుంట నలభై ఒకటో లెవల్ దాక ఎక్కిండ్రు.

ప్రతి గుహ ఆఖర్ల ఒక రాతి తలుపు ఉంటది. ఒకడు లోపట రాయి మీద నిలవడితెనే అది తెరుసుకుంటది. మిగిలినోళ్లు దాటినంక గా నిలవడ్డోడు ఒంటిగ ఎనుకకు తిరిగి, వచ్చిన తొవ్వల్నే మూతి దాక నడిసి రావాలె. ఎవలు నిలవడుతరో చెప్పాల్నా? బయట మంట కాడ ఒకటి, రెండు, మూడు అని ముగ్గురు పలికేటోళ్లు. మా ఆయన వచ్చి నాలుగు అన్నంకనే ఫోను పక్కకు వెట్టుడు.

గా దినం నాలుగు అనలే.

ఆయన దినాలు అయినంక ముగ్గురు వచ్చిండ్రు. చాయ్ తాగినంక మరిది అన్నడు, "వదినె, సర్దార్ బొమ్మ ఇంక లోపట్నే ఉన్నది. తీసేసే బటన్ ఉంటది, నొక్కితే మాకు ఇంకో మనిషి దొరుకుతడు. మేం నొక్కలే. కాని వచ్చే ఆదివారంతోని గా గుహను ఆట నడిపేటోళ్లు మూస్తరట. లోపట ఉన్న బొమ్మ ఇగ దొరుకదట."

నేను అప్పటికే అలిసి సొలసి ఉన్న. పించిని ఆఫీసులల్ల నిలవడి నిలవడి, వచ్చినోళ్లందరికి ఎట్ల పోయిండో చెప్పి చెప్పి. ఇగ బొమ్మ ఫికర్ గూడ నాకేనా? నొక్కుర్రి, పీడ పోతది అందామనుకున్న. నోట్లకెల్లి వేరే మాట వచ్చింది.

"ఇరవై ఏండ్లు ఆయన మిమ్ముల ఎన్నడన్న లోపట ఇడిసిపెట్టి ఎక్కిండా?"

"మీరే తేర్రి బయటికి" అని ఫోను మరిది చేతుల పెట్టిన. జరసేపు పట్టుకొని వాపస్ ఇచ్చిండు. "ఆయన నడువుమంటే మేం నడిసినోళ్లం వదినె. ఆయన్ని నేను నడిపిస్తనా?"

ఫోను తెరుసుడుకు నాలుగంకెలు. బాయిల దిగంగ ఇచ్చే ఆయన బిళ్ళ మీది నంబరే, అది నాకు నోటికి వస్తది. ఎడమ బొటనేలు తిప్పితే బొమ్మ నడుస్తది, కుడిదిక్కు ఎర్రది నొక్కితే కట్టె కొడుతది, పచ్చది నొక్కితే మానుపుతది. చెప్పుడు అలకనే, చేసుడే కష్టం. నా బొటనేళ్లు అరిగిపోయినయి, ఫోను పట్టదు. తడి బట్టకు తుడుసుకుంట తుడుసుకుంట నేర్సుకున్న. ఆయన బొమ్మ గోడకు తల ఆనిచ్చి నడుస్తనే ఉంటది. "సర్దార్ జర మందు ఏసుకొని దిగినట్టుంది వదినె" అన్నడు మరిది. నాకు నవ్వొచ్చింది. నవ్వినంక మంచిగనిపియ్యలే.

శనివారం పదకొండింటికి మొదలువెట్టినం. ఎవలింట్ల వాళ్లుండి ఆటల వాళ్లు ముగ్గురు గుహ మూతికాడ, నేను లోపట. సగం దూరం వచ్చినంక తొవ్వ రెండుగ చీలింది, నడుమ ఒక బోర్డు.

"బోర్డు మీద ఏమున్నది వదినె?"

"పురుగులు పాకినట్టున్నది. నాకేమెరుక?"

ఏ తొవ్వో వాళ్లకూ యాదికి లేదు. పోంగ ఆయన ఎంబడి పోయినోళ్లు, గా తొవ్వల తిరిగి వచ్చేటోడు ఆయన ఒక్కడే గద. నిలవడ్డ. ఆయనైతే ఏం చేస్తుండె? కట్టె ఎత్తి కప్పు కొట్టిన. "అయ్యో వదినె!" అని ముగ్గురు ఒక్కటేసారి మొత్తుకున్నరు. ఎడమ తొవ్వలకెల్లి తోడేళ్లు వచ్చినయి. మంచిదే, మనోళ్లు వచ్చిన తొవ్వల తోడేళ్లు మిగులవు గద, ఇగ కుడి తొవ్వ పట్టిన. కాని నాకు నడిపిచ్చుడు వస్తే మానుపుడు రాదు, మానుపుడు చూసుకుంటే నడుసుడు ఆగుతది. బొమ్మ పానం చూపే ఎర్ర గీత తరుగుతనే ఉన్నది.

"నువ్వు ఆగకు వదినె, మేం లోపటికొస్తున్నం" అన్నడు హుస్నాబాద్ ఆయన.

"వద్దు! మల్ల దిగకుర్రి!"

ఎవలింటరు? ముగ్గురు లోపటికి ఉరికొచ్చిండ్రు. నా ఎనుక తోడేళ్లను ఆపుకుంట, "పో వదినె, వెలుగు కనవడ్తుంది, పో" అంటున్నరు. కనవడ్డది. ఇంకో నాలుగడుగులేస్తే బయట.

వెయ్యలే. మూతికాడ ఎనుకకు తిరిగి నిలవడ్డ. పచ్చది నొక్కిన, కట్టె వాళ్లదిక్కు చూపిచ్చిన. "ముందు మీరు ఎక్కుర్రి" అన్న. నా గొంతు గట్ల ఎన్నడు ఇనలే నేను.

పెద్దపల్లి ఆయన దాటిండు, హుస్నాబాద్ ఆయన దాటిండు, మరిది దాటిండు. అందరి ఎనుక తెల్లగడ్డం బొమ్మ వచ్చింది.

"ఒకటి."

"రెండు."

"మూడు."

ముగ్గురు ఆగిండ్రని తెలుస్తుంది.

"నాలుగు" అన్న.

వచ్చే లెవల్‌కు రమ్మన్నరు. రానన్న. నాకు శాతకాదు. ఇంకో మనిషిని చూసుకోర్రి, ఇగ తప్పు లేదు అన్న. బొమ్మను మంట కాడ కూసోవెట్టి ఫోను ఆపిన. బువ్వ సల్లారింది. గదే తిని పండుకున్న.

అంతే బిడ్డా, ఇగ పెన్ను పెట్టు. కప్పు కొట్టుడు రాసినవా? నాలుగు అన్నది నేనే అని రాసినవా? ఏదన్న నువ్వు మార్చి మంచిగ రాసినవో ఏమో, నాకు తెల్వదు గద. మొదటికెల్లి సదువు. మెల్లగ సదువు, నేను ఇంటుంట.