తమ్ముణ్ని కొట్టే ముహూర్తం

శంషాబాద్ చుట్టుపక్కల పొలం అమ్ముకున్న ప్రతివాడికీ ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చిన కాలం అది. పొలం ఉన్నన్నాళ్లూ ఆ ప్రేమ ఎవడికీ లేదు. దున్నేవాడికి వానంటే భయం, ఎండంటే భయం, మిడతంటే భయం. ఆ భూమి గజాలుగా మారి ఎవరెవరి పేర్ల మీదికో వెళ్లిపోయి, ఇంటి ముందు కారూ చేతిలో పెద్ద ఫోనూ వచ్చాక మాత్రం ప్రతివాడూ ఒక వంగమొక్క పక్కన నిలబడి ఫోటో దిగడం మొదలుపెట్టాడు. నేనూ దిగాను. ఆ వయసులో నాకు బుద్ధి లేదని ఇప్పుడు ఒప్పుకుంటే, ఇప్పుడుందా అని మా ఆవిడ అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని నాది కాదు కనుక కథలోకి వస్తాను.

పొలమంతా పోగా మా వాటాకు మిగిలింది ఊరి చివర పాత ఇల్లు, దాని వెనక రెండు వందల గజాల పెరడు. విమానాలు దిగే దారి సరిగ్గా మా మునగచెట్టు మీదుగా పోయేది. (విమానం చక్రాలకు మా మునక్కాయలు తగిలి రాలతాయని పనిచేసే చోట చెప్పుకునేవాణ్ని. ఇద్దరు నమ్మారు. ఒకడు మునక్కాయలు తెమ్మన్నాడు.) నేను పనిచేసేది ఎయిర్‌పోర్టు పక్కన సరుకుల గోదాములో. నా హోదా ఇంగ్లీషులో మూడు పెద్ద మాటలు. పని మాత్రం పెట్టెల మీద ‘పగిలే వస్తువు, జాగ్రత్త’ అన్న ఎర్ర స్టిక్కర్ అంటించడం. ఆ ఉద్యోగం ఇప్పించింది మా అన్న. ఆ సంగతి నేను మరిచిపోకుండా ఆయన పండగకోసారి, పబ్బానికోసారి గుర్తుచేసేవాడు.

ముప్పై రెండేళ్ల వయసులో సేంద్రియ రైతుగా అవతారమెత్తాను. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఎడ్లబండి చక్రమంత టోపీ కొన్నాను. నలభై ఏళ్లు వట్టి కాళ్లతో నాట్లు వేసిన మా అమ్మ అరుగు మీద కూర్చుని ఈ వేషాన్ని చూసేది. నా టమాటా మొక్కలు ముడుచుకుపోయాయి. పాలకూరను పక్కింటి కోళ్లు తిని, రుచి నచ్చక సగం వదిలేశాయి. కొత్తిమీర అసలు భూమిలోంచి తల బయటపెట్టడానికే సిగ్గుపడింది. మిరపచెట్టుకు కాసిన ఏకైక మిరపకాయను మేమందరం వరుసగా నిలబడి ఫోటో తీసుకున్నాం. అమ్మ ఒకటే మాట అనేది: “టోపీ ఒక్కటి మంచిగ పెరుగుతున్నది బిడ్డా. దానికి జర నీళ్లు వొయ్యి.”

ఆ పెరట్లో బతికి బట్టకట్టింది ఎవరూ నాటని తీగ ఒక్కటే. అంతకుముందు ఏడాది గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ కుళ్లిపోతే అమ్మ తీసుకెళ్లి గోడవారగా విసిరేసింది. వానలు పడ్డాక అందులోంచి తీగ మొలిచి, నా సాయం ఒక్క చుక్క తీసుకోకుండా గోడెక్కి, రేకుల కప్పెక్కి, పిందెలన్నీ రాల్చుకుని ఒకే ఒక్క కాయను నిలబెట్టింది. బూడిద గుమ్మడికాయ. గోదాములో మాత్రం అది నా సేంద్రియ సాగు ఫలితమని ప్రచారం చేశాను.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, పుట్టుకతోనే జడ్జి. చిన్నదానికి నాలుగేళ్లు, దాన్ని బుడ్డది అనేవాళ్లం. ఆ ఏడాది మా వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి తమ్ముడు పుట్టాడు. బుడ్డది మా ఆవిడ కొంగు పట్టుకుని, “మనకెప్పుడొస్తడమ్మా తమ్ముడు?” అని రోజూ సతాయించేది. మా ఆవిడ పప్పు రుబ్బుతూ, “ఆ దుకాణం బందువెట్టినం తల్లీ,” అని తేల్చేసింది. మేం బందు పెడితే బుడ్డది వేరే దుకాణం వెతుక్కుంది. ఒక పొద్దున గుమ్మడాకు ఎత్తి చూసి, “డాడీ, తమ్ముడు ఈడున్నడు, దాసుకున్నడు,” అని కేకేసింది. ఆకు కింద లేత కాయ, ఒళ్లంతా నూగు. “వెంట్రుకలు గూడ ఉన్నయి,” అంది, అది తిరుగులేని రుజువన్నట్టు. పెద్దది వచ్చి చూసి తీర్పిచ్చింది: “అది తమ్ముడు కాదే. కాయ.”

ఆ తీర్పును ఎవరూ అమలు చేయలేదు. వాడికి చిన్నోడు అని పేరు పడింది. విమానం పోయిన ప్రతిసారీ బుడ్డది పరుగెత్తి వెళ్లి రెండు చేతులతో వాడి చెవులు మూసేది. (చెవులెక్కడున్నాయో దానికే తెలుసు.) రోజుకు ఎన్ని విమానాలు దిగుతాయో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు, పిల్ల అన్నం సగం నోట్లో, సగం పెరట్లో. నూగు రాలి కాయ మీద బూడిద పట్టడం మొదలయ్యాక, “తమ్మునికి పౌడర్ ఎవరు రాసిండ్రు?” అని ఇంటిల్లిపాదినీ విచారించింది. బళ్లో టీచరుకు తమ్ముడి విషయం చెప్పేసింది. ఆవిడ నన్ను గేటు దగ్గర ఆపి, “బాబు ఎట్లున్నడు సార్?” అని అడిగితే, ఏ లోకంలో ఉన్నానో, “మూడు కిలోలున్నడు మేడం, ఇప్పుడిప్పుడే బూడిద పడుతున్నది,” అన్నాను. ఆవిడ ఆ తరవాత నాతో మాట్లాడటం తగ్గించింది. చివరికి బుడ్డది నాచేత గోదాము నుంచి ఎర్ర స్టిక్కర్ తెప్పించి చిన్నోడి వీపు మీద అంటించింది. పగిలే వస్తువు, జాగ్రత్త. నా ఉద్యోగ జీవితంలో అవసరమైన చోట అంటించిన స్టిక్కర్ అదొక్కటే.

అప్పుడు దిగాడు మా అన్న. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు, తెల్ల కారు; గుమ్మడికాయ పక్కన నిలబడితే ఎవరికి బూడిద ఎక్కువ పట్టిందో చెప్పడం కష్టం. ఊళ్లో సగం పొలాల్ని ముక్కలు చేసి అమ్మించిన ఘనుడు. కొత్తూరు దారిలో ప్లాట్ల ఆఫీసు తెరుస్తున్నాడు, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. పెరట్లోకి వచ్చి చిన్నోడి వీపు మీద వేళ్లతో టకటకా కొట్టి చూశాడు.

“ఇది నాకియ్యి తమ్మీ. బజార్ల కాయ వద్దు. మన మట్టిల కాసింది గావాలె. మన మట్టిల ఒక బలం ఉంటది.”

ఆ మట్టిని పిడికెడు మిగల్చకుండా అమ్మినవాడి నోట ఈ మాట విని మునగచెట్టు కూడా ఒక ఆకు రాల్చింది. నేను మాత్రం తలూపాను. ఉద్యోగం ఇప్పించినవాడి ముందు తల దానంతట అదే ఊగుతుంది.

“శుక్రారం పొద్దుగాల కొడదాం,” అన్నాడు అన్న.

బుడ్డది లేచి నిలబడింది. “ఎవర్ని కొడతరు పెదనాన్నా?”

“గీన్నే.”

“ఎందుకు? ఏం జేసిండు?”

“ఏం జెయ్యలే బిడ్డా. దిష్టి పోతదని కొడతం.”

“దిష్టి వెట్టేటోళ్లు వేరే గద. వాళ్లను కొట్టు.”

ఎంతోమంది రైతుల నోళ్లు మూయించిన మా అన్న గబగబా కారెక్కాడు.

ఆ సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు. చిన్నోడికి తువ్వాల కప్పి పక్కన కూర్చుంది. నేను పక్కన చతికిలబడితే మెల్లగా అడిగింది: “పెదనాన్న నిన్ను గూడ తమ్మీ అంటడు గద. నిన్ను గూడ కొడతడా?” ఏదో సరదాగా చెప్పబోయి, “చిన్నప్పుడు బాగ కొట్టిండు,” అన్నాను. ఆ ఏడుపు ఆరాంఘర్ చౌరస్తా దాకా వినపడి ఉంటుంది, బస్సులు కూడా ఆగి ఉంటాయి. ఆపడానికి వేరే దారి లేక, “నీ తమ్మున్ని ఎవ్వరు కొట్టరు. డాడీ మాట,” అనేశాను. అంటే ఒకే కాయ మీద రెండు మాటలిచ్చాను. మా అన్న ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మాడని ఊళ్లో అనుకునేవారు. ఆ రక్తం నాలోనూ ఉందని ఆ రోజే తెలిసింది.

గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి శంషాబాద్ బజారంతా తిరిగాను. పది దుకాణాల్లో కాయల్ని ఎత్తి, తిప్పి, ఒళ్లో పెట్టుకుని కొలిచి, చివరికి చిన్నోడి కవల సోదరుణ్ని పట్టుకున్నాను. దవాఖాన నుంచి బాలింత వచ్చినట్టు ఆటోలో వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఇంటికొచ్చి గోనెసంచిలో దాచాను. శుక్రవారం తెల్లవారి అమ్మ పాలకోసం పక్కింటికి వెళ్లగానే రంగంలోకి దిగాను. ముహూర్తం అయ్యాక అటునుంచటే డ్యూటీకి పోవాలని గోదాము వాళ్లిచ్చిన నల్ల చొక్కా అప్పటికే తొడుక్కుని ఉన్నాను. చిన్నోణ్ని కోసి, ఎడమ భుజానికెత్తుకుని, ఇంట్లోకి పరుగెత్తి, మంచం కింద బొంతల్లో దాచాను. మంచం మీద పడుకున్న బుడ్డది ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. బజారు కాయను తీసుకెళ్లి తీగకు పెట్టాను. ఎలా పెట్టానంటారా? పెట్టెలకు అంటించే గోధుమరంగు టేపుతో. నాలుగు చుట్లు గట్టిగా చుట్టాను. నా పనితనానికి నేనే మురిసి రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

ఎనిమిదింటికి అన్న వచ్చాడు. మా ఆవిడ, పిల్లలు, అమ్మ, అందరూ పెరట్లో చేరారు. అన్న కాయను పట్టి లాగితే కాయ, దానితో పాటు మూరెడు టేపు ఊడొచ్చాయి.

“ఏంది తమ్మీ, కాయకు పట్టి గట్టినవ్?”

“అంటు గట్టిన అన్నా,” అన్నాను. “కొత్త పద్ధతి. కాయకు బలమొస్తది.”

అన్న గంభీరంగా తలూపాడు. “అవునవును. ఫారిన్ల గిట్లనే చేస్తరు.”

వ్యవసాయం వదిలి పదిహేనేళ్లయిన మనిషి ఎంత సులభంగా నమ్ముతాడో చూసి నాకు జాలేసింది. కానీ అమ్మ వదిలిన మనిషి కాదు. వంగి తొడిమ చూసింది. నాలుగు రోజుల కిందట కోసినట్టు ఎండిపోయి ఉంది. కాయను తిప్పి వీపు చూసింది. స్టిక్కరూ లేదు, అది ఊడిన మచ్చా లేదు. తీరిగ్గా నడుం నిటారుగా చేసుకుని, “ఇగ ఇంట్ల గుమ్మడికాయల దొంగ వడ్డట్టున్నది,” అంది.

ఆ మాట వినగానే అందరి చేతులూ భుజాల మీదికి పోయాయి. మా అన్న తెల్లచొక్కా భుజాలు రెండూ దులుపుకున్నాడు, ఎందుకైనా మంచిదని మళ్లీ దులుపుకున్నాడు. మా ఆవిడ తడుముకుంది. జడ్జిగారు కూడా తడుముకున్నారు. నేను ఆ సామెతను రెండో తరగతిలో చదువుకున్నవాణ్ని. అంత తేలిగ్గా దొరుకుతానా? రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో కుక్కి, దిగుతున్న విమానాన్ని చూస్తూ విగ్రహంలా నిలబడ్డాను.

అమ్మ నా పక్కకొచ్చింది. గొంతు తగ్గించింది. “అందరు భుజాలు జూసుకున్నరు. నువ్వొక్కనివే జూసుకోలే. ఎందుకు బిడ్డా?”

నల్ల చొక్కా ఎడమ భుజం మీద జానెడు తెల్లటి బూడిద. అమ్మ బుడ్డదాని వంక చూసింది. అది ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, ఇంట్లో మంచం ఉన్న వైపు మాత్రం చూడకుండా ఉండటానికి నానా పాట్లు పడుతోంది. అమ్మ కొంగుతో నా భుజం మెల్లగా తుడిచేసింది. “ముప్పై రెండేండ్లొచ్చినయి, ఒక్క దొంగతనం సక్కగ రాదు నీకు. మీ అన్నను జూసి నేర్చుకో.”

“ఏమన్నవమ్మా?” అన్నాడు అన్న అటునుంచి.

“ఏం లే. కాయ మంచిగున్నది, తీస్కపో.”

ఆఫీసు ముందు అన్న ఉపన్యాసం ఇచ్చాడు. మన మట్టి, మన కాయ, మన నమ్మకం అన్నాడు. ఏ ఊరి మట్టిలో కాసిందో తెలియని ఆ కాయకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి రోడ్డు మీద కొట్టాడు. కాయ ఎన్ని ముక్కలైందో అన్న ప్లాట్లు అంతకన్నా ఎక్కువ ముక్కలై అమ్ముడుపోయాయి. నా పక్కన నిలబడ్డ బుడ్డది ఆ ముక్కల్ని చాలాసేపు చూసి నా వేలు పట్టి లాగింది.

“డాడీ, వీడు ఎవరి తమ్ముడు?”

అది నేను ఆలోచించలేదు. “వీనికి ఎవ్వరు లేరు తల్లీ,” అన్నాను. అయితే సరే అన్నట్టు అది తలూపింది. ఎవరూ లేనివాణ్ని కొడితే లోకంలో ఎవరికీ అభ్యంతరం ఉండదని నాలుగేళ్లకే నేర్పాను. మంచి తండ్రిని.

ఆ తరవాత చిన్నోడు మంచం కింద రాజభోగం అనుభవించాడు. తొమ్మిది రోజులు. పదో రోజున పక్కింటి మేక రెండు పిల్లల్ని పెట్టింది. బుడ్డది అటు పోయింది, మళ్లీ తిరిగి చూడలేదు. వాడి మీద దుమ్ము పడుతుంటే నేనే తుడిచేవాణ్ని. విమానం చప్పుడైతే మంచం కిందికి చూసేవాణ్ని. (ఈ వాక్యం మా ఆవిడ చదవకుండా చూసుకోవాలి.) నెల దాటాక ఆవిడ హల్వా చేస్తానంది. గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి వేటు వేయకూడదు, ఇంటి మగవాడే వేయాలని అమ్మ కత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక ఆదివారం కత్తికి పదును లేదన్నాను. ఇంకో ఆదివారం అమావాస్య అన్నాను. మూడో ఆదివారం నా చెయ్యి బెణికింది. నాలుగో ఆదివారం బుడ్డదే కాయను దొర్లించుకుంటూ తెచ్చి నా ముందు పెట్టింది.

“కొయ్యి డాడీ. అమ్మ హల్వా చేస్తదట.”

“తమ్మునికి నొప్పి కాదా తల్లీ?”

అది నన్ను కింది నుంచి పైదాకా చూసింది. అచ్చం వాళ్ల నానమ్మ నా టోపీని చూసిన చూపు. “డాడీ,” అంది ఓపిగ్గా, “అది కాయ.”

కోశాను. బుడ్డది రెండు గిన్నెలు తింది. నాకు కడుపులో బాగాలేదని చెప్పాను.

ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. ఈ కథ చెబితే ఒక్క ముక్క నమ్మదు. “ఊకె పెంచి చెప్తవ్ డాడీ,” అంటుంది. కాయ మూడు కిలోలన్నది నిజమేనని, కావాలంటే నానమ్మను అడగమని అంటాను. నానమ్మ అరుగు మీద నవ్వుతుంది తప్ప సాక్ష్యం చెప్పదు. అన్న ఆఫీసు ఇప్పుడు మూడంతస్తులు. గుమ్మానికి తాళ్ల ఉట్టిలో తెల్లటి కాయ ఒకటి ఎప్పుడూ వేలాడుతుంటుంది. ఆ దారిన బండి మీద పోయేటప్పుడు ఎవరూ ఏమీ అనరు, ఎవరూ నా వంక చూడను కూడా చూడరు. అయినా నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే హ్యాండిల్ వదిలి ఎడమ భుజం మీదికి పోతుంది. బూడిదేమీ ఉండదు. రెండుసార్లు దులుపుకుని ముందుకు పోతాను.