తెగిన కూత

మా కడప చెడుగుడు జట్టుకు ఆట నేర్పిన పెద్దాయన నాపరాళ్లు చెక్కేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కర్నూలు చేతిలో ఓడిపోయాం. చివరి కూతలో మావాడి దమ్ము తెగిందని అంపైరు ఔటిచ్చాడు. టీ అంగడిలో ఆ మాట వస్తే చాలు, పెద్దాయన లేచేవాడు.

"యాడ తెగిందప్పా?" అని, అదే కూత ఒకే ఊపిరిలో పెడుతూ వాకిలి దాకా పోయివచ్చేవాడు. మేమంతా అంపైరును తిట్టేవాళ్లం.

ఏటికేడు రాతిదుమ్ము ఆయన రొమ్ములో పేరుకుంది. ఒకరోజు కూత మధ్యలోనే దగ్గుతూ వాకిట్లో కూలబడ్డాడు.

"తెగలేదులే మామా," అన్నాను.

"తెగింది రా. ఆ పొద్దు గూడా తెగింది. నాకు ఇనపడె. 'శానా అలిసిపోయినాను, వద్దు' అన్నాడు ఆ పిల్లోడు. పంపింది నేనే."