సీమ సరుకు

మొన్న మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఒక పొయ్యి పంపింది. మంట ఉండదట, నూనె అక్కర్లేదట, వేడిగాలితోనే వడియాలు వేయిస్తుందట. అట్టపెట్టె విప్పి గట్టు మీద పెట్టి, ఫోనులో "సీమపొయ్యి చేరిందే" అన్నాను. "సీమపొయ్యేంటమ్మా, రాయలసీమలో చేసిందా?" అని అది పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. ఆ మాట నాది కాదు, మా అత్తది. ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఆ మాట వినబడడం అదే మొదలు.

రాయలసీమకీ ఈ సీమకీ సంబంధం లేదు. దొరల కాలంలో ఓడ దిగిన ప్రతిదీ సీమ సరుకే. సీమచింత, సీమకోడి, సీమసున్నం అన్నీ అలా పేరు పడ్డవే. నిఘంటువు తీస్తే సీమ అంటే ఎల్ల, పొలిమేర అని ఉంటుంది. పొలిమేరకి చెప్పే మాట పొలిమేర దాటి వచ్చినవాటికి అంటుకుందన్నమాట. దొరలు పోయినా మా అత్త మాత్రం ఆ మాటని వదల్లేదు. గిద్దలూరులో మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా దాని ముందు సీమ తగిలించేది. గ్యాసుది సీమపొయ్యి, ఫ్రిజ్జు సీమబీరువా, మిక్సీ సీమరోలు. చివరికి సెల్‌ఫోను కూడా "సీమడబ్బా మోగతాంది, చూడండ్రా" అనిపించుకుంది. పక్కింటి సాయిబుల పెద్దమ్మ ఒకసారి గోడ మీంచి, "మేము విలాయతి అంటాం, మీ అత్త సీమ అంటాది. రెండూ ఒకటేలే బేటీ" అని నాకు అర్థం చెప్పింది.

నాకెందుకు చెప్పాల్సి వచ్చిందంటే, నేనూ సీమ సరుకునే. తెనాలి వైపు పిల్లని. మా ఆయనా నేనూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ, ఇష్టపడి పెళ్ళి చేసుకుని, రైలు దిగి ఈ ఇంటికి వచ్చాం. "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "గారేంది? నేనేమన్నా తాసిల్దారునా?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్క పని చెప్పలేదు. వేడివేడి జొన్నరొట్టె మీద వెన్న వేసి ముందు నాకే పెట్టేది. వచ్చినవాళ్ళకి "మా సీమపిల్ల" అని చూపించేది. కన్నకొడుకుని, మేకల్ని, ఆఖరికి ఎండని కూడా తిట్టే మనిషి నన్ను మాత్రం తిట్టేది కాదు. కొన్నాళ్ళు అదృష్టవంతురాలినే అనుకున్నాను. తర్వాత దిగులు పట్టుకుంది.

ఆవిడ లెక్క ఏమిటో బోరు మోటారు మొరాయించిన రోజున తెలిసింది. అంతవరకూ అది సీమమోటారు. నడి ఎండాకాలం, తొట్టిలో చుక్క లేదు. "నీ మొగం మండ, నీ దినం చెయ్య, నీళ్ళెప్పుడిడుస్తావే ముదనష్టపుదానా!" అని దాన్ని కడిగిపారేసింది. మర్నాటి నుంచి అది ఉత్త మోటారు. సీమ ఊడిపోయింది. పొయ్యికీ అంతే, మిక్సీకీ అంతే. చుట్టాన్ని ఎవరూ తిట్టరు కదా, తన మనిషినే తిడతారు. ఇక నేనూ తిట్టు కోసం కాచుకుని కూర్చున్నాను. అన్నం మాడ్చాను, లాభం లేదు. చెంబు సొట్ట పెట్టాను, నవ్వి ఊరుకుంది. చివరికి మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు నా మతిమరుపు వల్ల వానకి ముద్దయిన రోజున వచ్చింది వరం. "ఏమే, కండ్లు నెత్తికెక్కినాయా? ఇంత మబ్బు పడితే కానరాలేదా? మీయమ్మ ఇదేనా నేర్పిచ్చింది?" గదిలోకి పోయి ఏడ్చాను, సంతోషంతో. ఆ సాయంత్రమే ఎవరితోనో "మా కోడలు" అనడం విన్నాను.

చాలా ఏళ్ళు హాయిగా తిట్లు తిన్నాను. తర్వాత ఆవిడకి మరుపు మొదలైంది. ఒంగోలు తీసుకెళ్ళి చూపిస్తే, ఇది తగ్గే జబ్బు కాదు, విసుక్కోకండి, గట్టిగా మాట్లాడకండి అన్నాడు డాక్టరు. ఎప్పుడో ఊడిపోయిన సీమలన్నీ వెనక్కి వచ్చి ఒక్కొక్కటే అంటుకోసాగాయి. ముందు మిక్సీకి, తర్వాత పొయ్యికి, ఫ్యానుకి. ఒకనాడు పెరట్లో నిలబడి "ఈ సీమకుళాయి ఎట్ల తిప్పాల తల్లీ?" అని అడిగింది. తిట్లు పూర్తిగా ఆగిపోయాయి. ఒక పొద్దున నేను కావాలనే పాలు పొంగనిచ్చాను, ఇప్పుడైనా నోరు చేసుకుంటుందేమోనని. వచ్చి చూసి, "మీ పాలు పొంగిపోతాండాయి తల్లీ" అంది. మీ పాలట! ఆ గట్టు తుడుస్తూ నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్ళకి కూడా వద్దు.

ఆఖరి రోజుల్లో సాయంత్రమయ్యేసరికి చీరలు మూట కట్టుకుని వాకిట్లో కూర్చునేది. "రాచర్ల ఆటో ఎక్కియ్యి తల్లీ, మా నాయన చూస్తాంటాడు" అని, తండ్రి ఎప్పుడో పోయిన పుట్టింటికి బయల్దేరేది. మేం బుజ్జగించేవాళ్ళం, బతిమాలేవాళ్ళం. అన్నం ముట్టేది కాదు, నానాటికీ చిక్కిపోయింది. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: "మీరంతా మంచోళ్ళే. ఒక్క మాటన్నా అనరు. అయినా నేను సీమదాన్ని గదా, ఈడ ఎన్నాళ్ళుంటా?"

నొప్పించకూడదని ఇంటిల్లిపాదీ మర్యాద చేసి చేసి, ఆవిడ ఇంట్లో ఆవిడనే చుట్టాన్ని చేసి కూర్చోబెట్టాం. మూట లాక్కుని లోపలికి విసిరేశాను. "ఏందత్తా నీ యవ్వారం? దీపాలు పెట్టే యాళకి ఈ మూటేంది, ఈ వాకిలేంది? అన్నం చల్లారిపోతాంటే ఎవరికోసరం కూచున్నావ్? లే, లోపలికి నడువ్!" అని వీధంతా వినబడేలా అరిచాను. నా నోట ఆవిడ యాసే వచ్చింది. మా ఆయన బెదిరిపోయి పరుగెత్తుకొచ్చాడు. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "వస్తాండాలే, అరవబాక" అని గొణుక్కుంటూ లేచి, దారి ఎవరూ చూపించకుండానే వంటింట్లోకి పోయి కంచం ముందు కూర్చుంది. ఆ పూట కడుపునిండా తింది. ఆవిడ పోయేవరకూ రోజూ అలా తిట్టే అన్నం పెట్టాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే. ఈమధ్య అందరూ నాతో నెమ్మదిగా మాట్లాడుతున్నారు, కూరలో ఉప్పు మర్చిపోయినా బాగుందంటున్నారు. కాలం మనిషిని మెడపట్టి బయటికి గెంటదు, ముందు పీట వేసి మర్యాద చేస్తుంది.